మహారాజశ్రీ 'మై లైబ్రరీ' గారికి ఒక పాఠకుడి ఉత్తరం

మహారాజశ్రీ కామిక్స్ యాప్‌లో కొలువున్న 'మై లైబ్రరీ' గారి దివ్య సముఖానికి నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి.

ఇక్కడ నేను క్షేమం. తమరు కూడా క్షేమమేనని మొన్న ఆదివారం మధ్యాహ్నమంతా మీ కస్టమర్ కేర్ చాట్‌బాట్ నాకు చెప్తూనే ఉంది. సర్వర్లు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయట, నా ఖాతా భద్రంగా ఉందట, నేను డబ్బు కట్టిన మాట కూడా నిజమేనట. పుస్తకం మాత్రం తెరుచుకోదట. 'ఈ శీర్షిక ప్రస్తుతం మీ ప్రాంతంలో అందుబాటులో లేదు.' నా ప్రాంతం ఎక్కడికీ పోలేదండీ. కొన్నప్పుడూ కూకట్‌పల్లే, ఇప్పుడూ కూకట్‌పల్లే, మెట్రో స్టేషన్ పక్కనే.

పోయిందల్లా మూడో భాగం ఒక్కటే. మొదటి రెండూ ఉన్నాయి, నాలుగు నుంచి చివరిదాకా ఉన్నాయి. రెండో భాగం చివర్లో హీరో కొండ అంచు పట్టుకుని వేలాడుతున్నాడు, నాలుగో భాగం మొదట్లో పెళ్లి భోజనం చేస్తున్నాడు. మధ్యలో ఏం జరిగిందో సెలవులకొచ్చిన మా మేనకోడలికి నేను నోటితో చెప్పాను, చేతులూ కాళ్లూ ఊపుతూ. అది బాగానే నవ్వుకుంది. లెక్కప్రకారం ఆ భాగం డబ్బులు నాకు రావాలి.

తమ సేవలో మిగతా వైభోగాల గురించి క్లుప్తంగా మనవి చేసుకుంటాను. రెండు పేజీలు కలిపి వేసిన యుద్ధం బొమ్మలో కత్తి ఒక స్క్రీన్ మీద, మెడ ఇంకో స్క్రీన్ మీద. మధ్యలో వేలితో లాగేది నేను, కాబట్టి చంపింది విలనో నేనో తేలదు. ఇక ఒక్కో గడినీ విడివిడిగా పెద్దది చేసి చూపించే ఏర్పాటు ఉంది చూశారూ, పేజీ తిప్పితే ఏం కనబడాలో, దానికి ముందు గడిలో మనిషిని ఎక్కడ ఆపాలో బొమ్మలేసినాయన లెక్కేసుకుని గీస్తే, తమరు వచ్చి దాన్ని పవర్‌పాయింట్ చేశారు. సరిగ్గా శవం ముఖం మీది గుడ్డ తీసే గడి దగ్గర పర్సనల్ లోన్ కావాలా అని ఫోన్. అందులో తమ తప్పేం లేదులెండి, కానీ కాగితం పుస్తకానికి ఇంతవరకూ ఎవరూ ఫోన్ చేసి లోన్ ఇస్తామనలేదు.

ఇవన్నీ భరించేవాణ్ణే. నా కడుపు మండింది ఇంకోచోట.

ఆ పిల్ల ఊరెళ్తూ అడిగింది, "మామయ్యా, ఈ సిరీస్ నాకిస్తావా? చదివేసి దసరాకి తెచ్చిస్తా." ఎంత మామూలు అడగటం! మన ఇళ్లల్లో పుస్తకాలు తిరిగిందే అలాగ. ఏమివ్వను నేను? ఫోనివ్వనా? పాస్‌వర్డ్ ఇద్దామంటే ఓటీపీ నా నంబరుకొస్తుంది, అది వాళ్ల అమ్మ ఫోన్లో లాగిన్ అయితే 'మీ ఖాతాలో అనుమానాస్పద కదలికలు' అని నాకు మెయిలొస్తుంది. సరే, షరతులు చదువుదామని కూర్చున్నాను. ఖాతా బదిలీ చేయరాదు, అరువివ్వరాదు, అమ్మరాదు, కానుకగా ఇవ్వరాదు. అంటే రేపు నేను పోతే ఆ పుస్తకాలన్నీ నాతో సహగమనం చేస్తాయన్నమాట. సతీసహగమనాన్ని 1829లో రద్దు చేశారని విన్నాను, ఆ కబురు తమ లీగల్ వాళ్లకి అందినట్టు లేదు.

మా బీరువాలో ఒక పాత కామిక్ ఉంది. అట్ట మీద ఎవరో కుర్రాడు నీలం బాల్‌పెన్నుతో పేరూ, తరగతీ, సెక్షనూ రాసుకున్నాడు, కింద ఇంకెవరో దాన్ని కొట్టేసి తన పేరు రాసుకున్నాడు. మధ్య పేజీలో పిన్నులు తుప్పు పట్టి చుట్టూ గోధుమరంగు మరక. ఒక రాక్షసుడికి ఎవరో కళ్లజోడు పెట్టారు, చాలా బాగా కుదిరింది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్నది. ఆ ఇద్దరు కుర్రాళ్లూ చదివి, అమ్మేసి, అది నాదాకా రావడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేకపోయింది. మన కాపీరైట్ చట్టం ప్రకారం కూడా పుస్తకం ప్రతి ఒకసారి అమ్ముడుపోయాక దాన్ని మళ్లీ అమ్ముకుంటానంటే ప్రచురణకర్త అడ్డుచెప్పడానికి లేదు. అబిడ్స్ పాత పుస్తకాల బజారు నడిచేది దాని మీదే. అందులో తమ సరుకు ఏదైనా ఎప్పటికైనా కనబడుతుందా? కనబడదు. తమ దగ్గర సెకండ్‌హ్యాండ్ అనేదే పుట్టదు, కొన్న చేతిలోనే చస్తుంది.

ఇది తమరొక్కరి ఘనకార్యం కూడా కాదు, వంశపారంపర్యం. జేమాంగా అని జపాన్ కామిక్స్ అమ్మే సైటొకటి 2013లో మూతబడితే, కొన్నవాళ్లు చదవడానికి కూడా లేకుండా పోయింది. డిజిటల్ కామిక్స్ అమ్మే కామిక్సాలజీని 2014లో అమెజాన్ కొన్నది, 2022లో దాని దుకాణాన్ని తనలో కలిపేసుకుంది, 2023 డిసెంబరులో యాప్‌నే మూసేసి జనాన్ని తన ఈబుక్స్ యాప్ కిండిల్‌కి తోలింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్స్ దుకాణం కట్టేసినప్పుడు అమ్మిన పుస్తకాలన్నీ పనిచేయడం మానేశాయి. వాళ్లు డబ్బైనా వెనక్కిచ్చారు, ఆ మాత్రం మర్యాద ఉంది. ఇంకా వెనక్కెళ్తే 2009లో, సర్కారు తనకి నచ్చని పాత రాతల్ని మాయం చేసే కథ, జార్జ్ ఆర్వెల్ నవల '1984'ని అమెజాన్ జనాల కిండిళ్లలోంచి రాత్రికి రాత్రి తీసేసింది. పోనీ వేరే పుస్తకమైనా దొరకలేదా అయ్యా మీకు! కాలిఫోర్నియా వాళ్లు విసిగిపోయి 2025 జనవరి నుంచి ఒక చట్టం తెచ్చారు, అమ్ముతున్నది లైసెన్సు మాత్రమే అని కొనేవాడికి ముందే స్పష్టంగా చెప్పాలని. అంటే దొంగతనం ఆగదు, కాకపోతే దొంగ ముందు తన పేరు చెప్పుకోవాలి.

కాగితాన్ని నేను నెత్తిన పెట్టుకుని ఊరేగడం లేదు. కాగితానికి చెదలున్నాయి, అటక కారడం ఉంది, దీపావళికి ఇల్లు సర్దుతూ చందమామల కట్టని చిత్తుకాగితాలవాడికి కిలోల లెక్కన వేసే అమ్మలున్నారు. అద్దె ఇల్లు మారినప్పుడల్లా పుస్తకాల పెట్టె దగ్గర మోసేవాళ్లు పెట్టే మొహం నేను చూశాను. తెలుగు పుస్తకాల షాపులకి అసలు రానే రాని కామిక్సు అర్ధరాత్రి మంచం మీద పడుకుని చదవగలిగానంటే తమ దయే, దాన్ని కాదనను. రంగులు కూడా స్క్రీన్ మీద వెలిగిపోతాయి. చత్వారం వచ్చినవాడికి వేళ్లతో అక్షరాలు పెద్దవి చేసుకునే సుఖం ఎంతటిదో వచ్చినవాడికే తెలుసు.

డిజిటల్ అంటే నాకు కోపం లేదు కూడా. 1947 జులైలో మద్రాసులో మొదలైన చందమామ ఆగిపోయి ఏళ్లు గడిచాయి, అయినా చిత్రా, శంకర్, వపా వేసిన బొమ్మలు ఇవాళ పిల్లలకి చూపించగలుగుతున్నామంటే, ఎవరింట్లోనో బైండు చేయించి దాచుకున్న సంచికల్ని ఓపికగా ఒక్కో పేజీ స్కాన్ చేసి పెట్టిన అభిమానుల పుణ్యం. అదీ డిజిటలే. కాకపోతే అది నా ఫోన్లోకొచ్చాక నా ఫోన్లోనే ఉంటుంది, మేనకోడలికి పంపితే దానికీ అందుతుంది, వాళ్ల స్నేహితురాలికి కూడా. శవాన్ని దించి భుజాన వేసుకునే విక్రమార్కుడు ప్రాంతాన్ని బట్టి మాయం కాడు. ఇప్పుడు తమ దగ్గరున్న మూడో భాగం రేపు తమరు దుకాణం కట్టేస్తే ఎవరి అటక మీంచి తీసి స్కాన్ చేయాలి? అటక మీదకి చేరనిస్తే కదా!

మర్యాదగా రాద్దామనే మొదలుపెట్టాను కానీ ఇక కుదరదు. డబ్బు తీసుకున్నారు, పుస్తకం తీసేశారు, అడిగితే 'మీ అనుభవాన్ని ఎన్ని నక్షత్రాలతో రేట్ చేస్తారు' అని అడిగారు. సిగ్గుండాలి. పుస్తకాన్ని దించుకోనివ్వండి, మామూలు ఫైలుగా. ఎవడు ఎవడికి పంచుకుంటాడో అని భయమైతే దాని మీద నా పేరు పెద్దక్షరాలతో అచ్చేసి ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు, ఆ కుర్రాడు బాల్‌పెన్నుతో రాసుకోలేదూ. అది చేతకాదంటే 'కొనండి' బటన్ పీకేసి 'అద్దెకి' అని పెట్టి, అద్దెకి తగ్గ రేటు వసూలు చేయండి. ఒకప్పుడు మా సందు చివర అద్దె పుస్తకాల షాపాయన కూడా రోజుకింత అని ముందే చెప్పేవాడు.

ఆ సిరీస్ మూడో భాగం అచ్చుప్రతి ఆర్డరిచ్చాను. తమరు తీసుకున్నదానికి రెండింతలైంది, డెలివరీ చార్జీ అదనం. నేరుగా మేనకోడలి అడ్రసుకే పెట్టించాను. దసరాకి తిరిగి తెస్తానంది, తేదని నాకు తెలుసు, వాళ్ల క్లాసులో అప్పుడే లైను కట్టారట. మీరు పంపిన డెబ్బై శాతం తగ్గింపు నోటిఫికేషన్ అందింది, చూశాను, తుడిచేశాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ బదిలీకి వీల్లేని ఖాతాదారుడు