గేటు మీది కన్నుకు మేత

వైర్‌లెస్ కెమెరాకు వైరు లేదు కాబట్టి కరెంటూ అక్కర్లేదని కర్నూలులో నంద్యాల రోడ్డు వైపు కాలనీల్లో ఒక నమ్మకం ఉండేది. అది మొదటి వేసవి దాకా నిలిచింది. గేటు మీద కన్ను పెట్టుకున్నాక దానికి మేత కూడా మనమే వేయాలని ఇప్పుడు ఇంటింటికీ తెలిసిపోయింది. ఆ మేత ఎంపికలో మన ఊరు సాధించిన ప్రగతిని లోకం గుర్తించడం లేదన్న ఆవేదనతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

బ్యాటరీ కొనడంలో మనం పాటించే సూత్రం ఒక్కటే. పెద్ద అంకె వేసిందే మంచి సెల్లు. ఈ కెమెరాల్లో ఎక్కువగా పడేది 18650 రకం లిథియం అయాన్ సెల్లు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఇంత చోటులో కరెంటు కుక్కడానికి పేరుమోసిన కంపెనీలు ఏళ్ల తరబడి తపస్సు చేసి 3,500 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) అటూ ఇటూగా తచ్చాడుతున్నాయి. లిథియం అయాన్ బ్యాటరీల మీద చేసిన కృషికి 2019లో గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు రసాయనశాస్త్రంలో నోబెల్ కూడా ఇచ్చారు. పాపం, వారెవరూ మన బజారుకు వచ్చి చూడలేదు. వచ్చి ఉంటే అదే సైజులో, తళతళలాడే కాగితం చుట్టుకుని, 9,900 అని అచ్చేసుకున్న సెల్లు నూటయాభై రూపాయలకు దొరకడం కళ్లారా చూసి, పతకాలు అక్కడే కౌంటరు మీద పెట్టి వెళ్లేవారు.

మా కాలనీలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. వడ్డీ వ్యాపారం కాబట్టి అనుమానం ఆయన వృత్తిధర్మం. ఆయన ఆ సెల్లును తీసుకెళ్లి బంగారు కొట్టు త్రాసు మీద పెట్టించాడు. అసలు సిసలు సెల్లు 45 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. ఇది 30 దగ్గరే ఆయాసపడి ఆగింది. వెంటనే షాపుకు వెళ్లి నిలదీస్తే కుర్రాడు తడుముకోకుండా, “బరువు తగ్గిందంటే టెక్నాలజీ పెరిగిందని అర్థం సార్” అన్నాడు. ఈ మాట తెలిసి, ఇదే లెక్క నగలకూ వర్తిస్తుందా అని బంగారు కొట్టు యజమాని ఎంతో ఆసక్తిగా వాకబు చేశాడట.

మన దేశంలో అమ్మే లిథియం సెల్లు మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16046 అన్న ప్రమాణం, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్నది నిబంధన. 9,900 సెల్లు మీద వాటికి చోటు మిగల్లేదు. అంకెలు అంత పెద్దవి వేశాక ఎక్కడ వేస్తారు చెప్పండి? ఛార్జింగ్ మితిమీరకుండా కాపాడే రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్లు కొన్నవారి బాధ వేరు. సర్క్యూట్ వల్ల అది మూడు నాలుగు మిల్లీమీటర్లు పొడుగు. గూట్లో కూర్చుంటుంది గానీ మూత పడదు. మా ఎదురింట్లో ఆ మూతను కూరగాయల సంచికి వేసే ఆకుపచ్చ రబ్బరు బ్యాండుతో బిగించారు. ఆ సందులోంచి చీమలు కెమెరాలోకి స్వేచ్ఛగా రాకపోకలు సాగిస్తున్నాయి. అవి మాత్రం రికార్డు కావు, లోపలి వైపు లెన్సు లేదు కనుక.

నాలుగు పెన్సిల్ సెల్లు వేసే కెమెరాలూ ఉన్నాయి. మామూలు సెల్లు ఒకటి 1.5 వోల్టులు, మళ్లీ మళ్లీ ఎక్కించుకునే నికెల్ సెల్లు 1.2. నాలుగూ కలిస్తే 6 రావలసిన చోట 4.8 వస్తుంది. కెమెరా దాన్ని చూసి, నిండా ఎక్కించిన రోజే బ్యాటరీ అయిపోవచ్చిందని ఫోనుకు కబురు పెడుతుంది. ఫలానా కెమెరాకు రీఛార్జబుల్ సెల్లు వేయవద్దని కొన్నింటితో వచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. పుస్తకం తెరిచి చదవడం మన కాలనీ పరువుకు తగిన పని కాదు.

ఇక ఎండ. ఓర్వకల్లు, గడివేముల, పాణ్యం వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. అంతటి ఎండకు వారసులం కాబట్టి అరచేయంత సోలార్ పలక కొని కెమెరాకు తగిలించాం. ఏప్రిల్ వచ్చింది. లిథియం సెల్లుకు ఒళ్లు 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ పనికిరాదు. బయట గాలి వేడే 42, 43 ఉన్న రోజుల్లో పడమటి గోడకు అతుక్కున్న నల్లటి ప్లాస్టిక్ డబ్బా లోపల ఎంత ఉంటుందో ఊహించుకోండి. వేడి ఎక్కువైంది, ఛార్జింగ్ ఆపేశానని కెమెరా సరిగ్గా మిట్టమధ్యాహ్నం చేతులెత్తేస్తుంది. సరేనని వేపచెట్టు నీడకు మార్చిన వాళ్లకు పలకలో కరెంటే పుట్టలేదు. ఎండలో పెడితే సెల్లు తీసుకోదు, నీడలో పెడితే పలక ఇవ్వదు. పలకను ఎండలో ఉంచి, కెమెరాను సన్‌షేడ్ కిందికి మార్చి, మధ్యలో రెండు గజాల వైరు లాగితే సరిపోతుందని ఒక ఎలక్ట్రీషియన్ సలహా ఇచ్చాడు. వైర్‌లెస్ కెమెరాకు వైరు లాగమన్న ఆ మనిషిని మేం మళ్లీ పిలవలేదు.

ఈ కెమెరాలు ఎప్పుడూ నిద్రలోనే ఉంటాయి. ఎదుట కదిలే ఒంటి వేడిని పసిగట్టి లేస్తాయి. మే నెల మధ్యాహ్నం మనిషీ గోడా ఇంచుమించు ఒకే వేడి మీద ఉంటారు కాబట్టి గేటు తోసుకుని వచ్చినవాడు కూడా గోడ కిందే జమ. రాత్రి కాస్త చల్లబడ్డాక వీధికుక్క తోక ఊపినా లేచి, చీకట్లో చూసే దీపాలు వెలిగించి రికార్డు చేస్తుంది. లేచిన ప్రతిసారీ సెల్లులో కొంత ఖర్చు. మా వీధి కుక్కల దినచర్య మీద ఎవరైనా పరిశోధన చేయదలిస్తే కావలసినంత సామగ్రి ఉంది.

అంతకన్నా ఎక్కువ తినేది బెంగళూరులో ఉండే కొడుకు. పది నిమిషాలకోసారి ఫోను తెరిచి ఇల్లు ఎలా ఉందో ప్రత్యక్షంగా చూస్తాడు. “అమ్మా, కొంచెం పక్కకు జరుగు, ముగ్గు కనబడటం లేదు” అని కెమెరాలోంచే అంటాడు. ఆమె చీపురు పట్టుకుని గేటు వైపు తిరిగి, “తిన్నావా నాయనా?” అని అడుగుతుంది. ఈ ఖర్చును తగ్గించమని చెప్పే ధైర్యం ఈ వ్యాసకర్తకు లేదు.

కరెంటు పోయినా పనిచేయాలనే కదా బ్యాటరీ కెమెరా కొన్నాం. కరెంటు పోగానే ఇంట్లో వైఫై రౌటర్ పోతుంది. కెమెరా లేస్తూనే ఉంటుంది, చూస్తుంది, కానీ చెప్పుకోవడానికి దిక్కు లేక రౌటర్ కోసం వెతికి వెతికి ఉన్న కాస్త ఛార్జింగ్ హరాయించుకుంటుంది. కాలనీలో ఒక్క రిటైర్డ్ మాస్టారు మాత్రం రౌటర్‌కు చిన్న యూపీఎస్ తగిలించారు. త్రాసుకు నిలిచే సెల్లు రెండు కొని వంతులవారీగా మారుస్తున్నారు. దాంతో కరెంటు లేని వేళల్లో కూడా ఆయన కెమెరా వీధిని నిక్షేపంగా రికార్డు చేస్తోంది. ఎవరి చెత్త సంచి చీకట్లో ఎవరి ఖాళీ స్థలంలోకి ఎగురుతోందో అంతా అందులో ఉందట. ఈ చర్య కాలనీ సామరస్యానికి భంగకరమని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించి, మాస్టారికి నోటీసు పంపింది. వారం లోగా ఆయన 9,900 సెల్లుకు మారాలి.