అమరిన భాగమల్లా అసలుది కాదు

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పాత స్పోర్ట్స్ కారును తిరిగి నిలబెట్టాలని పూనుకున్నవారికి అసలు చిక్కు విడిభాగం దొరకకపోవడం కాదు, దొరికిన వేరే భాగం చక్కగా అమరిపోవడం. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌నే తీసుకుందాం. 1962లో ఇంగ్లండ్‌లో విడుదలైన ఈ రెండు సీట్ల కారును అదే కంపెనీ మరో కారు ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్‌ను (అడుగు చట్రాన్ని) కురచ చేసి నిర్మించారు. ఆ హెరాల్డ్‌నే మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి మన దేశంలో తయారుచేసింది. అందువల్ల మన పాతసామాను దుకాణాల్లో దొరికే హెరాల్డ్ సస్పెన్షన్ భాగాలు కొన్ని స్పిట్‌ఫైర్‌కు అమరుతాయి, కారు నడుస్తుంది, మెకానిక్ కూడా తృప్తి పడతాడు. అంతమాత్రాన అవి ఆ కారుతో పుట్టినవి కావు.

ఇంజిన్ విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. తొలి స్పిట్‌ఫైర్లలోని 1147 సీసీ ఇంజిన్ నంబరు ఎఫ్‌సీ అక్షరాలతో మొదలవుతుంది. అంతే సామర్థ్యం గల హెరాల్డ్ 1200 ఇంజిన్‌కు జీఏ ఉంటుంది. హెరాల్డ్ ఇంజిన్‌కు దానికున్న సోలెక్స్ రకం కార్బ్యురేటర్ తీసేసి, స్పిట్‌ఫైర్‌లో ఉండే రెండు ఎస్‌యూ రకం కార్బ్యురేటర్లు బిగించి అమ్మితే పైపైన చూసేవారు గుర్తుపట్టలేరు. ఛాసిస్ నంబరూ ఇంజిన్ నంబరూ ఒకటే కావాలని పట్టుబట్టడం కూడా పొరపాటే, ఎందుకంటే ట్రయంఫ్ ఆ రెండింటినీ వేర్వేరు వరుసల్లో వేసింది. ఏ ఇంజిన్‌తో కారు ఫ్యాక్టరీ దాటిందో తేల్చుకోవడానికి ఇంగ్లండ్‌లో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్ట్ పాత రికార్డుల ఆధారంగా ఇచ్చే ధ్రువపత్రమే నమ్మదగిన దారి.

కారుకు కరెంటు పుట్టించే లూకాస్ కంపెనీ డైనమో మీద అది తయారైన కాలాన్ని చెప్పే అంకెలు గుద్ది ఉంటాయి. 1964 ఫిబ్రవరి నాటి కారుకు 1963 చివరి అంకెలుంటే సబబు. 1967 ఉంటే అది లూకాస్‌దే అయినా తర్వాత మార్చినది. పోత భాగాల మీద ఉబ్బెత్తుగా ఉండే నంబరు మాత్రం కేటలాగు నంబరుతో కలవకపోవచ్చు.

ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, ఎక్కువ నష్టం చేసేది బోల్టు. ఈ కారులోని 5/16 అంగుళాల యూఎన్‌ఎఫ్ (అంగుళాల లెక్కలో సన్న థ్రెడ్ల రకం) బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు, హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఎం8 (మిల్లీమీటర్ల లెక్కలో చేసే రకం) బోల్టుది 8. చేతికి తేడా తెలియదు. కానీ మొదటిదానికి అంగుళానికి 24 థ్రెడ్లుంటే, అంటే వాటి మధ్య దూరం సుమారు 1.06 మిల్లీమీటర్లయితే, రెండోదాని థ్రెడ్ల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు. బలవంతంగా బిగిస్తే అరవై ఏళ్ల నాటి భాగంలో థ్రెడ్ పోతుంది, అలాంటి భాగం మళ్లీ దొరకడం కష్టం. లేత్‌లో సరైన కొలతతో బోల్టు చేయించుకోవడంలో తప్పేమీ లేదు, మన టర్నర్ల పనితనం తక్కువదీ కాదు. ఆ బోల్టును ఒరిజినల్ అని చెప్పి అమ్మడమే మోసం.

2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని వాహనాలకే ‘వీఏ’ వరుసలో వింటేజ్ రిజిస్ట్రేషన్ దక్కుతుంది. కాబట్టి విప్పే ముందే ప్రతి నంబరునూ ఫొటో తీసుకోవాలి. తీసేసిన భాగం తుప్పుపట్టినదైనా సరే, పాతసామానుకు వేయకుండా చీటీ కట్టి దాచాలి. దాని స్థానంలో పెట్టినది హెరాల్డ్‌దా, లేత్‌లో చేయించినదా, ఇంగ్లండ్ నుంచి తెప్పించినదా అన్నది కారు కాగితాలతో పాటు రాసిపెట్టి, కొనేవారి చేతికి ఇవ్వాలి.