పరంజాకూ ప్రాచీన హోదా ఇవ్వాలి

ఏథెన్స్‌లోని పార్థెనాన్ ఆలయాన్ని క్రీ.పూ. 447లో మొదలుపెట్టి తొమ్మిదేళ్లలో నిలబెట్టేశారు. శిల్పాలకు ఇంకో ఆరేళ్లు. పైగా ఆ పర్యవేక్షకులు ఏటా జమాఖర్చులను రాతిమీద చెక్కించారు, తర్వాత దిద్దుకోవడానికి వీల్లేకుండా! అనుభవం లేనివాళ్లు. మరమ్మతుల కోసం 1975లో వేసిన కమిటీ అలాంటి తొందరపాటుకు పోలేదు. యాభై ఏళ్లు దాటినా పని సాగుతూనే ఉంది.

ఆ గుడికి శత్రువులు లేకపోలేదు. 1687లో వెనిస్ సేన వదిలిన గుండు, తురుష్కులు లోపల దాచిన మందుగుండుపై పడి కప్పు ఎగిరిపోయింది. 1801 నుంచి బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ ప్రభువు మనుషులు శిల్పాలను కోసుకుపోయారు. అవి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం చేరాక, 1930లలో తెల్లబడాలని రాగి పనిముట్లతో గీకారు. అంట్లు తోమినట్టే అనుకోండి.

అయినా అసలు ప్రమాదం హితైషి రూపంలో వచ్చింది. 1898లో బాలానోస్ అనే ఇంజినీరు మరమ్మతులకు దిగాడు. ప్రాచీనులు రాయికీ రాయికీ నడుమ ఇనుప బందు వేసి, చుట్టూ కరిగించిన సీసం పోసేవారు. చెమ్మ చేరదు, తుప్పు పట్టదు. బాలానోస్ గారు ఇనుము వాడారు, సీసం మానేశారు. ఇనుము తుప్పు పట్టి ఉబ్బింది, పాలరాయి పగిలింది. ఒక్కో రాయి ఒక్క చోటికే సరిపోయేలా చెక్కిన గుడిలో, ఆయన చేతికందిన రాయిని కనబడిన ఖాళీలో పెట్టారు. ఇప్పటివాళ్ల పనిలో పెద్ద వాటా ఆయన బాగుచేసినదాన్ని విప్పడమే. ఏ రాయి ఎక్కడిదో వెతికి, ఇనుము తీసి టైటానియం వేస్తున్నారు.

కొత్త రాయి కూడా పాత రాయి తీసిన పెంటెలీ కొండదే. తేనెరంగుకు తిరిగిన స్తంభంలో ఆ తెల్ల ముక్క, పాత పంచెకు వేసిన కొత్త మాసికలా దూరానికే కనబడుతుంది. అలా కనబడాలనే నియమమట. కావాలంటే రేపు ఊడదీయడానికి వీలుండాలన్నది మరో నియమం. వచ్చే తరం కమిటీల ఉపాధిని ఇంత శ్రద్ధగా కాపాడినవారిని నేనెక్కడా చూడలేదు.

కాబట్టి నా మనవి: ఏళ్ల తరబడి ఏదో ఒక పక్క ఆ గుడిని అంటిపెట్టుకున్న పరంజాను కూడా ప్రాచీన కట్టడంగా ప్రకటించాలి. ఇనుముంటే తుప్పు తప్పదు కనుక, దాన్ని బాగుచేయడానికి ఇంకో పరంజా వేయవలసి వస్తుంది. కమిటీలో ఎవరెవరుండాలో నేను రాసి ఉంచాను.