తుపాకీ నంబరు ఎవరికి అక్కర్లేదు?

1963 నవంబరు 22 రాత్రి షికాగోలో తుపాకులు కూడా అమ్మే క్లైన్స్ అనే దుకాణంలో సిబ్బంది ఎఫ్‌బీఐ అధికారుల సమక్షంలో మైక్రోఫిల్మ్ చుట్టలు తిప్పుతూ కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం డల్లాస్‌లో అధ్యక్షుడు కెనెడీని కాల్చిన రైఫిల్ మీద సి2766 అన్న నంబరు ఉంది. తెల్లవారుజాముకల్లా ఆ నంబరు పక్కన ఎ. హిడెల్ అన్న పేరు, డల్లాస్‌లోని ఒక పోస్టు బాక్సు చిరునామా కనిపించాయి. అది కెనెడీని కాల్చాడని అరెస్టయిన లీ హార్వీ ఆస్వాల్డ్ వాడుకున్న మారుపేరు. వ్యాపారి తన లెక్కల కోసం దాచుకున్న కాగితం ఒక్క రాత్రిలో చేసిన పని అది.

తుపాకుల నమోదు వల్ల పోలీసులకు ఒరిగేదేమీ లేదని వాదించేవారు ఆ రాత్రినీ, నేటి మార్టిన్స్‌బర్గ్‌నూ పక్కపక్కన పెట్టి చూడాలి. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఉన్న ఈ ఊళ్లోనే, నేరస్థలంలో దొరికిన తుపాకీ ఎవరిదో కనిపెట్టే సమాఖ్య కేంద్రం ఉంది. 2022లో దానికి 6 లక్షలకు పైగా అభ్యర్థనలు వచ్చాయి. కానీ యజమానుల జాతీయ జాబితా తయారుచేయడాన్ని 1986 చట్టం నిషేధించింది. కాబట్టి అక్కడి ఉద్యోగి ముందు తయారీదారును అడగాలి, ఆ తర్వాత టోకు వ్యాపారిని, చివరికి చిల్లర దుకాణదారును అడగాలి. దుకాణం మూతబడి ఉంటే, దాని పాత కాగితాలను స్కాన్ చేసిన బొమ్మలను, పేరు కొట్టి వెతికే వీలు లేకుండా, పుటపుటా తిరగేయాలి. ఇంత శ్రమా మొదట కొన్నవాడి దగ్గర ఆగిపోతుంది. అతడు ఇంకొకరికి అమ్మి ఉంటే చాలా రాష్ట్రాల్లో ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదు. ఇది సాంకేతిక లోపం కాదు, తెలుసుకోకూడదని చట్టసభ కోరి తెచ్చుకున్న అజ్ఞానం.

నేరస్థుడు తుపాకీ నమోదు చేయించుకోడు కదా అన్నది ఎదుటివారి ప్రధాన వాదన. దానికి తోడుగా కెనడాను చూపిస్తారు: 1995 చట్టంతో మొదలైన రైఫిళ్ల నమోదుకు నికరంగా 20 లక్షల డాలర్లు చాలన్న అంచనా వంద కోట్లకు చేరింది, 2012లో దాన్ని రద్దు చేశారు. ఖర్చు విషయంలో వారితో పేచీ లేదు. అయితే అది నిర్వహణ చేతకానితనానికి రుజువు, నమోదు నిరర్థకతకు కాదు.

అదే కెనడాలో 2005 మార్చిలో మేయర్‌థోర్ప్ అనే ఊరి దగ్గర ఒక రైతు నలుగురు పోలీసులను కాల్చి చంపి తానూ చనిపోయాడు. హంతకుడే లేడు గనుక కేసు అక్కడితో ముగియాలి. కానీ ఘటనాస్థలంలో దొరికిన ఒక రైఫిల్ మరో కుటుంబంలోని తాత పేరున నమోదై ఉంది. మనవడూ, అతని బావమరిదీ ముందురాత్రి హంతకుడికి సాయపడ్డారన్న దిశగా దర్యాప్తు సాగడానికి ఆ నమోదు ఒక ఆధారమైంది. తర్వాత మారువేషాల్లో పోలీసులు నెలల తరబడి తిరగాల్సి వచ్చిన మాటా నిజమే; ఎవరి చుట్టూ తిరగాలో చెప్పే దారి ముందు ఉండాలి కదా.

నమోదు చేయించుకోని నేరస్థుడి సంగతికి వస్తే, ఆ వాదన తన కాళ్ల కింద తానే గొయ్యి తవ్వుకుంటుంది. నమోదు, లైసెన్సు ఉన్న చోట, అవి లేని తుపాకీ చేతిలో ఉండటమే నేరం. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద, బిహార్‌లోని ముంగేర్ నుంచి వచ్చిన నాటు పిస్తోలుతో పట్టుబడినవాడు ఇంకా ఎవరినీ కాల్చకపోయినా కేసు నిలుస్తుంది. జాబితాయే లేని చోట చాలాసార్లు తూటా పేలేదాకా పోలీసు ఎదురుచూడాలి.

మన తెలుగు రాష్ట్రాల్లో ఎన్నికల కోడ్ వచ్చాక స్టేషన్లలో జరిగేది గమనించండి. లైసెన్సుదారుడు తుపాకీ తెచ్చి బల్ల మీద పెడతాడు, కానిస్టేబుల్ గొట్టం పక్కనున్న నంబరును లైసెన్సు పుస్తకంలోని నంబరుతో సరిచూసి రసీదు రాస్తాడు. ఎవరు తెచ్చారో, ఎవరు తేలేదో సాయంత్రానికి ఎస్సై చెప్పగలడు. అమెరికాలోని టెక్సస్‌లో షెరీఫ్‌ను, అంటే స్థానిక పోలీసు అధికారిని, ఇదే ప్రశ్న అడిగితే, చూపడానికి అతని దగ్గర జాబితాయే ఉండదు.