తప్పు గార్డుదా, గురువుదా?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో బాక్సింగ్ నేర్చుకునే పిల్లలు క్రికెట్, కబడ్డీ ఆడేవాళ్లతో పోలిస్తే తక్కువే. అయినా పోటీలు ముగిసిన ప్రతిసారీ ఆ కొద్ది ఇళ్లలోనూ ఒకే చర్చ. పిల్లవాడు బాగానే కొడుతున్నాడు, కానీ కొట్టినదానికి రెట్టింపు తింటున్నాడు, కోచ్‌ని మార్చేద్దామా అని. తొందరపడి మార్చొద్దన్నదే మా మాట. అయితే మార్చక తప్పని సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు మొహమాటపడితే పిల్లవాడి తలకే ప్రమాదం.

ముందు రింగ్ పక్కన నిలబడి ఒక్క బౌట్, అంటే ఒక్క పోటీ, శ్రద్ధగా చూడండి. డిఫెన్స్, అంటే దెబ్బ కాచుకోవడం, సరిగా రాని కుర్రాడు జాబ్ (ముందుచేత్తో సూటిగా కొట్టే దెబ్బ) వేస్తాడు. వేసిన ఎడమ చెయ్యి వెళ్లిన దారినే దవడ దగ్గరికి తిరిగి రావాలి. ఇతని చెయ్యి నడుము దాకా జారి, అక్కణ్నుంచి తీరిగ్గా పైకొస్తుంది. ఆలోపే అవతలివాడి కుడిచెయ్యి వచ్చి పడుతుంది. తను కుడిచెయ్యి విసిరినప్పుడు గడ్డం పైకి లేస్తుంది, అప్పుడు తగిలేది హుక్, అంటే పక్కనుంచి వంపుగా వచ్చే దెబ్బ. దెబ్బ తగలగానే తిన్నగా వెనక్కి నడుస్తాడు. రెండు మూడు అడుగులకే తాళ్లు వీపుకి ఆనుకుంటాయి. పక్కకి తప్పుకోవడం తెలియక రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడిపోతాడు. పొట్ట ఖాళీగా దొరుకుతుంది. రింగ్ మూల నుంచి కోచ్‌ది ‘చెయ్యి ఎత్తరా నాయనా, చెయ్యి ఎత్తు!’ అని ఒకటే కేక. మూడు రౌండ్లలోనూ ఆ కేక తప్ప ఇంకోటి వినిపించకపోతే, ఆ పని జిమ్‌లో చేయించలేదని అర్థం. అలసిపోయిన ఒళ్లు అలవాటైన పనే చేస్తుంది కానీ అరిచి చెప్పిన పని చెయ్యదు.

డిఫెన్స్ అంటే చేతులు పైకి పెట్టుకోవడమే అనుకోవడంతోనే సగం నష్టం జరిగిపోతోంది. అసలు పని పాదాలది. కొట్టగానే ఉన్నచోటు నుంచి అరడుగు పక్కకి జరిగినవాడికి చెయ్యి కాస్త కిందికున్నా ముప్పు తక్కువ. కాళ్లు ఒకదానికొకటి అడ్డంపడేవాడు ఎంత గట్టిగా గార్డ్ (మొహానికి కాపుగా ఎత్తిన చేతులు) పట్టినా, ఆ గార్డ్ మీదే పది దెబ్బలు తింటాడు. రింగ్‌కి అడ్డంగా ఒక తాడు కట్టి, దాని కిందుగా తల అటూ ఇటూ దాటిస్తూ ముందుకీ వెనక్కీ నడిపించడం పాత కసరత్తు. పైసా ఖర్చులేనిది. గడ్డం కింద టెన్నిస్ బంతి నొక్కిపెట్టి, అది జారకుండా షాడో, అంటే ఎదురుగా మనిషి లేకుండా గాల్లోకి కొట్టే సాధన, చేయించడం ఇంకొకటి. ఎడమ చేత్తోనే కొట్టాలి, ఎడమ చేత్తోనే ఆపాలి అన్న నియమంతో నెమ్మదిగా చేయించే స్పారింగ్ (సాధన కోసం ఇద్దరు తలపడటం) మరొకటి. వీటికి ఖరీదైన జిమ్ అక్కర్లేదు. విసుగులేని కోచ్, విసుక్కోని శిష్యుడు ఉంటే చాలు.

మరి మన దగ్గర ఇవి ఎందుకు తక్కువ? పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌లో పరుగు, వారానికోసారి అలిపిరి మెట్లు, సాయంత్రం బ్యాగ్ మీద పంచ్‌లు. చాలామందికి సాధన అంటే ఇదే. 3,550 మెట్లు ఎక్కితే ఊపిరి నిలుస్తుంది, కాళ్లు గట్టిపడతాయి, కానీ గడ్డం దించుకోవడం రాదు. సాయంత్రం ఒకే కోచ్, దెబ్బలు పట్టడానికి చేతికి తొడుక్కునే ప్యాడ్లు రెండు జతలు, ఎదురుగా వరసకట్టిన పిల్లలు. ఒక్కొక్కరికీ దక్కేది రెండు మూడు నిమిషాలు. ఆ కాసేపూ ప్యాడ్ మీద పటపటా శబ్దం వస్తే గేటు దగ్గర నిలబడ్డ తల్లిదండ్రులకి ముచ్చట. చెయ్యి జారిన ప్రతిసారీ ఆ ప్యాడ్‌తోనే చెంప మీద మెల్లగా తట్టే కోచ్ గొప్పవాడు. కానీ ఆ తట్టు చూసి ‘మావాణ్ని ఎందుకు కొట్టారు సార్?’ అని అడిగే నాన్నలూ ఉన్నారు.

పాయింట్లు వేసే పద్ధతి కూడా దీనికి తోడైంది. అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఇప్పుడున్న 10 పాయింట్ల విధానంలో జడ్జీలు మొదట చూసేది లక్ష్యంపై పడిన నాణ్యమైన దెబ్బల సంఖ్య. తప్పించుకున్న దెబ్బకి విడిగా మార్కుండదు. స్కూల్ గేమ్స్ పతకం, దాంతో స్పోర్ట్స్ కోటా సీటు, ఆ తర్వాత పోలీసో, ఆర్మీయో. ఇంటిల్లిపాదీ ఆ లెక్కలో ఉన్నప్పుడు కోచ్ మాత్రం ఏం చేస్తాడు? త్వరగా ఫలితమిచ్చే దాడి మీదే పడతాడు. జిల్లా స్థాయిలో అది సరిపోతుంది. రాష్ట్ర స్థాయిలో విశాఖ కుర్రాళ్లు ఎదురైనప్పుడు బండారం బయటపడుతుంది.

ఇక కోచ్‌ని మార్చితే డిఫెన్స్ బాగుపడుతుందా? ప్రపంచ బాక్సింగ్‌లో దీనికి రెండు రకాల జవాబులూ దొరుకుతాయి. బ్రిటన్ బాక్సర్ ఆమిర్ ఖాన్ 2008 సెప్టెంబర్‌లో మాంచెస్టర్‌లో బ్రెయిడిస్ ప్రెస్కాట్ చేతిలో 54 సెకన్లలో నాకౌట్ అయ్యాడు. లాస్ ఏంజెలిస్ వెళ్లి కోచ్ ఫ్రెడ్డీ రోచ్ దగ్గర చేరాడు. 2009 జులైలో కొటెల్నిక్‌ని ఓడించి ప్రపంచ టైటిల్ గెలిచాడు. మార్పు ఫలించిందనే అందరూ అనుకున్నారు. 2012 జులైలో డానీ గార్సియా ఎడమ హుక్ తగిలి నాలుగో రౌండ్‌లో ఆట ముగిసింది. ఈసారి రోచ్‌ని వదిలి, డిఫెన్స్‌కి పేరుపడ్డ ఆండ్రీ వార్డ్‌ని తీర్చిదిద్దిన వర్జిల్ హంటర్ దగ్గరికెళ్లాడు. 2013లో జూలియో డియాజ్ మీద గెలిచాడు కానీ నాలుగో రౌండ్‌లో కిందపడ్డాడు. 2016 మేలో కనేలో అల్వారెజ్ కుడిచేతి దెబ్బ ఒక్కటి, ఆరో రౌండ్‌లో. అంతే. గురువులు మారారు, ఆమిర్ బుర్ర కూడా మారే ఉంటుంది, కానీ ఒంటికి పట్టిన అలవాటు మారలేదు.

ఉక్రెయిన్ హెవీవెయిట్ బాక్సర్ వ్లాదిమిర్ క్లిచ్కో కథ దీనికి పూర్తిగా ఎదురు. 2003లో కోరీ శాండర్స్ రెండో రౌండ్‌లోనే పడగొట్టాడు. కోచ్‌గా ఇమాన్యుయేల్ స్టీవార్డ్‌ని తెచ్చుకున్నాక 2004 ఏప్రిల్‌లో జరిగిన మొదటి బౌట్‌లో లామన్ బ్రూస్టర్ చేతిలోనూ ఓడాడు. మన దగ్గరైతే ఆ సాయంత్రమే కొత్త కోచ్‌నీ మార్చేసేవాళ్లం. క్లిచ్కో మార్చలేదు. ఆరడుగుల ఆరంగుళాల మనిషి ఎడమచేతి జాబ్‌తోనే అవతలివాణ్ని దూరంగా ఆపాలి, దూరం చెదిరితే వాటేసుకుని ఆపేయాలి అన్న పద్ధతికి తన ఆటనంతా మార్చుకున్నాడు. 2005 సెప్టెంబర్‌లో శామ్యూల్ పీటర్ మూడుసార్లు పడగొట్టినా పాయింట్ల మీద గెలిచాడు. ఆ తర్వాత 2015 నవంబర్‌లో టైసన్ ఫ్యూరీ దాకా అతన్ని ఓడించినవాడు లేడు. చూడటానికి విసుగుపుట్టించే ఆట అని విమర్శించినవాళ్లున్నారు. కొంత నిజమే. కానీ దెబ్బలు తినడం మాత్రం తగ్గింది. అతనికి పనికొచ్చింది కొత్త గురువు పేరు ఒక్కటే కాదు, ఓడిన తర్వాత కూడా ఆయన చెప్పింది ఏళ్ల తరబడి చెయ్యడం.

మార్చి చెడిపోయినవాళ్లలో మైక్ టైసన్ ముందుంటాడు. చేతులు బుగ్గలకి ఆనించి, తల క్షణం ఆగకుండా ఊపుతూ లోపలికి దూసుకుపోయే పద్ధతి అతని గురువు కస్ డమాటోది. ఆయన పోయాక దాన్ని కాపాడింది కోచ్ కెవిన్ రూనీ. 1988లో టైసన్ రూనీని వదిలేశాడు. తల కదలిక మందగించింది. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ జాబ్‌లు ఒకటి తర్వాత ఒకటి తిన్నాడు. ఓటమికి వేరే కారణాలూ ఉన్నాయి, కాదనం. కానీ ఉన్న డిఫెన్స్ పోవడానికి మూలాలు ఆ మార్పులోనే కనిపిస్తాయి.

మన నిఖత్ జరీన్ నిజామాబాద్‌లో మొదలుపెట్టి, ఆ తర్వాత విశాఖలోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు పొందిన కోచ్ ఐ. వెంకటేశ్వరరావు దగ్గర నేర్చుకుంది. 2022, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది. అది తొలి గురువు మీద అలిగి వెళ్లడం కాదు. ఒక స్థాయి దాటాక వేసిన తర్వాతి అడుగు. మార్పు అంటే ఇలా ఉండాలి.

ఆడలేక మద్దెల ఓడు అన్నది సామెత. కానీ మద్దెల నిజంగానే ఓడైన జిమ్‌లూ ఉన్నాయి. ‘తింటేనే గట్టిపడతాడు’ అని రోజూ పూర్తి బలంతో స్పారింగ్ చేయించే కోచ్, అరవై కిలోల కుర్రాడికి ఎదురుగా యాభై కిలోల పిల్లవాణ్ని నిలబెట్టే కోచ్, నాకౌట్ అయినవాణ్ని వారం తిరక్కుండానే మళ్లీ గ్లవ్స్ తొడగమనే కోచ్. ఇలాంటివాళ్ల దగ్గర్నుంచి పిల్లవాణ్ని ఆ రోజే తీసుకొచ్చేయండి. తలకి దెబ్బ తగిలి నాకౌట్ అయితే కనీసం నెల రోజులు రింగ్‌కి దూరంగా ఉంచాలని అమెచ్యూర్ బాక్సింగ్ నియమాలు చెబుతున్నాయి. పోటీలో అయితే డాక్టర్ ఆ సంగతి బాక్సర్ వైద్య పుస్తకంలో రాస్తాడు. జిమ్‌లో జరిగితే రాసేవాడెవడు? హెడ్‌గేర్ ఉందిగా అంటారు. అది కనుబొమ చీలకుండా కాపాడుతుంది కానీ పుర్రెలో మెదడు అదరకుండా ఆపలేదు. పురుషుల సీనియర్ బౌట్లలో 2013 నుంచి అదీ తీసేశారు. దెబ్బ తిన్న రాత్రి తలనొప్పి, వాంతి, మాట తడబడటం ఉంటే పొద్దున దాకా ఆగకండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి, వెంటనే తీసుకెళ్లాలి.

ఇంత దారుణం కాని మామూలు కోచ్ విషయంలో తొందర వద్దంటున్నది ఇంకో కారణంతో కూడా. మార్చి ఎక్కడికెళ్తారు? ఉత్తర చెన్నైకి బాక్సింగ్‌లో పాత పేరుంది, దగ్గరే కూడా. కానీ చదువు, హాస్టల్ ఖర్చు, రేపు ఏ రాష్ట్రం తరఫున ఆడాలన్న చిక్కు. విశాఖకి రాత్రంతా రైల్లో ప్రయాణం, పదో తరగతి పిల్లవాణ్ని ఒంటరిగా వదలాలి. స్తోమత ఉన్న ఒకరిద్దరు వెళ్తారు. మిగతావాళ్లకి ఉన్న కోచే దిక్కు. అందుకే ఆ కోచ్‌తో కూర్చుని మాట్లాడటం నేర్చుకోవాలి. బౌట్‌ని ఫోన్‌లో తీసి, దెబ్బ తగిలిన ప్రతిచోటా ఆపి, ‘సార్, ఇక్కడ చెయ్యి ఎందుకు జారుతోంది?’ అని అడగండి. జవాబు చెప్పి, మర్నాటి నుంచి సాధన మార్చినవాడు మంచి కోచ్. మూడు నెలలు గడువివ్వండి. ఏమీ కదలకపోతే ఎదురుగా చెప్పి, దండం పెట్టి బయటికి రండి. చెప్పకుండా పక్క జిమ్‌లో చేరి ఆయనకి వేరేవాళ్ల నోట తెలిసేలా చెయ్యొద్దు.

కోచ్‌లు కూడా ఒకటి ఒప్పుకోవాలి. తమకి రాని విద్య కోసం శిష్యుణ్ని పది రోజులు ఇంకొకరి దగ్గరికి పంపితే పరువేమీ పోదు. జిల్లా క్రీడాధికారులకి మా సూచన కూడా ఇదే. వచ్చే వేసవి శిబిరంలో విశాఖ నుంచి డిఫెన్స్, ఫుట్‌వర్క్ నేర్పగల కోచ్‌నొకరిని తిరుపతికి పిలిపించండి. ఆ పది రోజులూ పిల్లలతోపాటు రెండు జిల్లాల కోచ్‌లనీ రింగ్‌లో నిలబెట్టండి. చిత్తూరు, పలమనేరు, కుప్పం నుంచి వచ్చే పిల్లలకి బస్ పాస్, మధ్యాహ్న భోజనం ఏర్పాటు చేయండి. సెలక్షన్లకి వచ్చే ప్రతి బాక్సర్ దగ్గరా గత నాకౌట్లు రాసిన వైద్య పుస్తకం ఉందో లేదో తూకానికి ముందే చూడండి, లేనివాణ్ని రింగ్ ఎక్కనివ్వకండి.