880 కంటే 650 ఎందుకు చవక?

అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాల 1895లో 880 మోర్గాన్ వెండి డాలర్లను (చెక్కిన కళాకారుడి పేరుతో పిలిచే పాత అమెరికా నాణేలు) ప్రూఫ్‌లుగా, అంటే వాడకానికి కాక సేకర్తల కోసం ప్రత్యేకంగా, కొట్టింది. 1904లో కొట్టిన ప్రూఫ్‌లు 650 మాత్రమే. తక్కువ ఉన్నదానికే ఎక్కువ ధర ఉండాలి కదా? కానీ 1904 ప్రూఫ్ కొన్ని వేల డాలర్లకు దొరుకుతుంది. 1895ది మాత్రం, చేతులు మారి అరిగిపోయినా సరే, పదుల వేల డాలర్లు పలుకుతుంది.

దీనికి కారణం సెట్టు. మోర్గాన్ డాలర్లు సేకరించేవాళ్లలో చాలామంది ప్రతి ఏడాదిదీ, ప్రతి టంకశాలదీ ఒక్కొక్కటి కావాలనుకుంటారు. సెట్టులో 1904 గడి నింపడానికి ప్రూఫే అక్కర్లేదు. ఆ ఏడాది అక్కడ వాడకానికి కొట్టినవే 27 లక్షల పైచిలుకు. 1895కి ఆ వెసులుబాటు లేదు. వాడకానికి 12,000 కొట్టినట్టు టంకశాల లెక్కల్లో ఉన్నా, అసలైనదని తేలిన నాణెం ఒక్కటీ ఇంతవరకు బయటపడలేదు. దాంతో సెట్టు పూర్తి చేయాలనుకునే ప్రతి ఒక్కరూ ఆ 880లో మిగిలిన వాటికే పోటీ పడాలి. ప్రూఫ్‌ల మీదే మోజున్నవాళ్లు ఎలాగూ ఉన్నారు.

అందుకే "ఇన్నే కొట్టారు" అని అమ్మేవాళ్లు చెప్పే మాటను నేను సగమే నమ్ముతాను. కొట్టిన లెక్కకూ మిగిలిన లెక్కకూ పొంతన ఉండదు. 1918 నాటి పిట్‌మన్ చట్టం కింద అమెరికా 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. ఏ ఏడాదివి ఎన్ని పోయాయో ఎవరూ రాసిపెట్టలేదు. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండిని బ్రిటన్ కొన్నది మన దేశం కోసమే. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో జనం నోట్లు వద్దని వెండి రూపాయలు అడుగుతుంటే, ఇవ్వడానికి ఇక్కడి ఖజానాలో వెండి చాలలేదు. మన ముత్తవ్వలు రూపాయలు కరిగించి చేయించుకున్న కడియాల్లో మోర్గాన్ డాలర్ వెండి కొంత ఉండే ఉంటుంది. ఆ ఊహ నన్ను వదలదు.

ఇంత డిమాండ్ ఉన్నచోట మోసమూ ఉంటుంది. 1895లోనే న్యూ ఆర్లియన్స్, శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలు కొట్టిన డాలర్ల వెనకవైపు 'ఓ', 'ఎస్' గుర్తులుంటాయి. ఫిలడెల్ఫియా డాలర్లకు అలాంటి గుర్తు ఉండదు కాబట్టి, వాటిని గీకేసి ఫిలడెల్ఫియా నాణెమని అంటగడతారు. ప్రూఫ్‌ను మెరుగుపెట్టిన అచ్చుతో, మెరుగుపెట్టిన బిళ్ల మీద కొడతారు కాబట్టి బొమ్మ చుట్టూ ఉన్న నేల అద్దంలా ఉంటుంది. కానీ అరిగిన నాణెంలో ఆ అద్దం కనిపించదు, ఎక్కువ టెన్షన్ అక్కడే. నాణెం అసలుదో కాదో, ఎంత బాగుందో తేల్చే పేరున్న గ్రేడింగ్ సంస్థ సీలు లేని 1895ను కొనకపోవడమే మేలు.

ఇంకో మాట. వెండి నల్లబడితే విభూదితో తోమడం మనకు అలవాటు. ప్రూఫ్ నాణెం మీద మాత్రం ఆ పని చేయకండి. రాపిడికి అద్దం మీద వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి, వాటిని ఎవరూ చెరపలేరు. తోమిన దానికంటే నలుపు అలాగే ఉన్న నాణేనికే సేకర్తలు ఎక్కువ ఇస్తారు.