సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ గారికి, ఇల్లు అమ్ముకున్నవాడు రాయునది

మహారాజశ్రీ సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ గారి సముఖానికి, టెక్సాస్‌లోని ఫ్రిస్కో వాస్తవ్యుడు, మొన్న జులై 15 దాకా సొంతింటివాడు, వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమంగానే ఉంటారు, నా డబ్బుతో.

ఇల్లు చేతులు మారే తంతు జరిపించే టైటిల్ కంపెనీ వాళ్లు చల్లటి గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, అమ్మకంలో వచ్చేదీ పోయేదీ లెక్కగట్టి చూపే మిమ్మల్ని నా ముందు పెట్టారు. చూస్తే రెండు పేజీలే. పైన ఒక్క అంకె నా వైపు ఉంది: అమ్మిన ధర, 5,00,000 డాలర్లు. దాని కిందంతా కోతలే. పెళ్లికొడుకు ఒక్కడే, వెనకాల రెండు బస్సుల పెళ్లివారు.

నా లెక్క వేరు. అంతకు మూడు నెలల ముందు, రాత్రి అన్నాలు అయ్యాక, పేపర్ నాప్‌కిన్ మీద వేశాను. ఐదు లక్షల్లోంచి బ్యాంకు అప్పు 3,12,000 పోతే 1,88,000. ఆ అంకె తెనాలిలో ఉన్న నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.

"ఖర్చులన్నీ కొనేవాళ్లవే కదరా?" అన్నారు.

"అంతే కదా నాన్నా."

నేనలా అనడంలో తప్పేముంది చెప్పండి. మా ఊళ్లో ఎకరం పొలం అమ్మినప్పుడు చూశాను. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కొన్నాయన నెత్తినే పడ్డాయి. ఇవాళ్టికీ అటు ఆంధ్రాలోనైనా ఇటు తెలంగాణలోనైనా ఆ ఏడున్నర శాతం కొన్నవాడే కట్టుకోవడం ఆనవాయితీ. నాన్న చేసిందల్లా వేలిముద్ర వేసి, ఫొటో దిగి, మధ్యవర్తి చేతిలో ఒక శాతం పెట్టి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడమే.

ఇక మీ దగ్గరికొస్తాను. మీలో అన్నిటికన్నా లావుపాటి వరస కమిషన్. నా ఏజెంటుకి 3 శాతం, అంటే 15,000. పోనీ, ఆవిడ ఫొటోలు తీయించింది, ఇంట్లో ఇంగువ వాసన పోవడానికి కుకీలు కాల్చమంది, ఏదో కష్టపడింది. ఆ కిందే ఇంకో రెండున్నర శాతం, 12,500. ఇది కొనేవాళ్ల ఏజెంటుకి. ఆయనెవరయ్యా అంటే, నా ఇంటి ధర పదివేలు తగ్గించమని మూడు రోజులు పట్టుబట్టిన మనిషి. కోర్టులో మన మీద వాదించిన ప్లీడరుకి మనమే ఫీజిచ్చి, కారు దాకా వెళ్లి సాగనంపినట్టుంది.

నేనేమీ పేపరు చదవనివాణ్ని కాను. ఇక్కడి ఏజెంట్ల సంఘం నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ మీద కమిషన్ల గురించి పడ్డ కేసు రాజీ పడ్డాక, 2024 ఆగస్టు 17 నుంచి ఎమ్మెల్లెస్ లిస్టింగులో, అంటే ఏజెంట్లంతా చూసుకునే అమ్మకపు ఇళ్ల జాబితాలో, కొనేవాళ్ల ఏజెంటుకి ఇంత ఇస్తామని రాయకూడదు, కొనేవాళ్లు ఇల్లు చూడ్డానికి ముందే తమ ఏజెంటుతో ఫీజు ఎంతో రాసుకోవాలి. అది చదివి పండగ చేసుకున్నాను. తీరా ఆఫర్ వచ్చింది. అందులోనే ఉంది, మా ఏజెంటు ఫీజు అమ్మేవారు ఇవ్వగలరు అని. లిస్టింగులోంచి బయటికి పోయింది, ఆఫర్‌లోంచి లోపలికి వచ్చింది. కాదనొచ్చట. కానీ రెండు వారాలకి వచ్చిన ఒకే ఒక్క ఆఫర్‌ని కాదనే గుండె నాకు లేదు.

తరవాత టైటిల్ పాలసీ, 2,700 పైచిలుకు. నా ఇల్లు నాదేనని వాళ్లకి నమ్మకం కుదరడానికి నేను కట్టే బీమా ఇది. మా ఊళ్లో అయితే కొనేవాడే ఆస్తి మీద అప్పులూ తాకట్లూ చూపే ఈసీ తీయించుకుని, నలుగుర్నీ అడిగి చూసుకుంటాడు. బేరమాడదామంటే ఆ ప్రీమియం రేటు టెక్సాస్ బీమా శాఖ నిర్ణయిస్తుందన్నారు. రేటు మారదు గానీ ఎవరు కట్టాలన్నది ఒప్పందంలో తేల్చుకోవచ్చని, అమ్మేవాడు కట్టడం ఇక్కడ అలవాటు మాత్రమేనని, కట్టాక తెలిసింది.

ఇన్‌స్పెక్షన్ మాట ఎత్తకుండా ఉండలేను. కొనేవాళ్లు ఆప్షన్ పీరియడ్ అని ఓ వారం రోజులు పెట్టుకుని, రెండొందల డాలర్లిచ్చి, నచ్చకపోతే కారణం చెప్పకుండా వెళ్లిపోయే హక్కు కొనుక్కున్నారు. ఆ వారంలో ఇన్‌స్పెక్టరు వచ్చి అరవై పేజీల నివేదిక రాశాడు. అందులో మా పూజగది పైకప్పు ఫొటో ఒకటి ఉంది, బాణం గుర్తు వేసి మరీ. నల్లటి మరక, కారణం తెలియదు, నిపుణులతో పరీక్ష చేయించవలెను అని. ఇన్నేళ్ల కార్తీక దీపాల మసి అది. మా ఆవిడ ఆ పేజీ చూసి, "ఏవండీ, ఏ నిపుణుణ్ని పిలుద్దాం, పురోహితుణ్నా?" అంది. ఆ మరకా, ఓ ముసలి వాటర్ హీటరూ కలిసి మీ దగ్గరికి 3,500 అయి చేరాయి.

ఆస్తి పన్ను తమాషా ఇంకా బాగుంది. ఇక్కడ ఈ ఏటి బిల్లు వచ్చే జనవరి 31 లోగా కట్టాలి. కాబట్టి జనవరి 1 నుంచి నేనున్న రోజులకి 4,800 లెక్కగట్టి కొన్నవాళ్లకి ఇచ్చారు. న్యాయమే. కానీ అదే పన్ను కోసం నెలనెలా బ్యాంకు ఎస్క్రోలో, అంటే పన్నుకని వాళ్లు పక్కన పెట్టే ఖాతాలో, నేను వేసిన డబ్బో? అది అప్పు తీరాక 20 పనిదినాల్లో వస్తుందట. నా దగ్గర తీసుకోవడానికి ఒక్క క్షణం, నాకు ఇవ్వడానికి నెల.

మిగతావి చిల్లర. ఇంటి వారంటీకి 600. కాలనీ సంఘం వాళ్లు రీసేల్ సర్టిఫికెట్ ఇచ్చినందుకు 375, అంతకుమించి తీసుకోకూడదని చట్టంలో ఉంది కాబట్టి సరిగ్గా అంతే. పేరు మార్చినందుకు ఇంకో 250. ఎస్క్రో ఫీజు, కొరియరు, వైరు, అవీ ఇవీ 575. బ్యాంకు వడ్డీ రోజుకి పాతిక డాలర్లు చొప్పున ఆఖరి రోజు దాకా. 2021లో 3 శాతానికి దొరికిన అప్పు అది. దాన్ని చేజేతులా తీర్చేసిన సంగతి తలుచుకుంటే ఆ పాతిక డాలర్లకి ఏడుపు రాదు.

మొత్తం కూడితే నలభై వేల పైచిలుకు, నూటికి ఎనిమిది. మా ఊళ్లో కొన్నవాడు కట్టేది ఏడున్నర, ఇక్కడ అమ్మిన నేను కట్టింది ఎనిమిది! చేతికి 1,47,300 వచ్చింది. నాన్నకి ఇంకా చెప్పలేదు.

మీ పుణ్యాలు కూడా ఒప్పుకోవాలి. ఇల్లు చేతులు మారినందుకు పన్ను టెక్సాస్‌లో లేదు. ఎడిసన్‌లో మా తోడల్లుడు ఇల్లమ్మినప్పుడు అది కూడా కట్టాడు, న్యూజెర్సీలో అమ్మినవాడిదే ఆ భారం. ఐదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లోనే కాపురం ఉన్నాం కాబట్టి, మొగుడూ పెళ్లాలకి కలిపి 5,00,000 దాకా లాభం మీద ఆదాయప్పన్ను కూడా పడలేదు. ఇంకోటి. లిస్టింగ్ పెట్టకముందే అడిగితే ఏజెంటు నెట్ షీట్ అనే కాగితం ఇస్తుందట, ఈ వరసలన్నీ అంచనాగా వేసి. అడిగితే ఇస్తుంది. నేను నాప్‌కిన్‌ని అడిగాను.

మీ అన్నగారు ఒప్పంద పత్రం గారిని కూడా అడిగానని చెప్పండి. గోడకున్న టీవీ నాదట, దాన్ని పట్టుకున్న ఇనప చేతులు మాత్రం ఇంటితోపాటు పోతాయట. వెనక పెరట్లో నేలలో నాటిన మల్లె వాళ్లది. చలికాలం గరాజ్‌లోకి ఈడ్చుకెళ్లడానికని కుండీలో పెంచిన కరివేపాకు మాది. ఆ కుండీ ఒళ్లో పెట్టుకుని మా ఆవిడ కారెక్కింది.

నిన్న కొన్నవాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లూ మనవాళ్లే, వరంగల్. "అన్నా, బ్యాంకు నుంచి మీ పేరు మీద ఏదో కవరొచ్చింది, ఇంటికి వచ్చి తీస్కపోండి" అన్నాడు. ఎస్క్రో చెక్కు. కొత్త అడ్రసు ఇవ్వడం మర్చిపోయాను.

వెళ్లాను. నా గుమ్మం ముందు నిలబడి, నేను బిగించిన కాలింగ్ బెల్ నేనే కొట్టాను. తలుపు తీసి కూర్చోమన్నారు. ఎదురుగా నా ఇనప చేతుల్లో వాళ్ల టీవీ, నా దానికన్నా పెద్దది. టీ తెచ్చి పెడుతూ ఆ అమ్మాయి అడిగింది, "అన్నా, పూజగది పైన ఆ మరక ఎట్ల పోతది?"